పెద్దమ్మవారు, ఆటలమ్మ: మన పడమటి తాలూకాల వైద్యచరిత్రలో ఒక భాగము

నల్లమల తూర్పు వాలున పుట్టి, కంభము చెరువును నింపి, మార్కాపురము తాలూకా మీదుగా సముద్రమునకు పోవు గుండ్లకమ్మ పరిసరములలో పోలేరమ్మ గుడియో, గుడి లేనిచో వేపచెట్టు క్రింద పసుపు పూసిన రాయియో లేని ఊరు అరుదు. కొన్ని ఊళ్లలో అంకమ్మ, కొన్నింట ముత్యాలమ్మ. పొలిమేరను కాచు తల్లి గనుక పోలేరమ్మ అయినదని పెద్దలు చెప్పుదురు. పొలిమేర దాటి రాకుండ ఆమె దేనిని ఆపవలెనని మన పూర్వులు కోరుకొనిరో ముత్యాలమ్మ అను పేరే తెలుపుచున్నది. ఒంటిపై ముత్యములవలె లేచు పొక్కులే ఆ ముత్యములు. రోగమును తెచ్చునదియు ఆమెయే, తీసికొనిపోవునదియు ఆమెయే అని జనుల నమ్మకము. పోలయ్య, పోలమ్మ, అంకయ్య, ముత్యాలు అను పేర్లు మన పల్లెలలో నేటికిని వినబడుటకు ఆ భయభక్తులే మూలము.

జ్వరము వచ్చి ఒళ్లంతయు పొక్కులు లేచిన బిడ్డను చూచి తల్లి "అమ్మవారు పోసినది" అనెడిది. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు రోగములు ఇమిడియుండెను. ఒకటి మశూచి, అనగా పెద్దమ్మవారు. అది సోకినవారిలో పదిమందికి ముగ్గురు చనిపోవుట సాధారణము. బ్రతికినవారిలో కొందరికి చూపు పోయెడిది, చాలమందికి ముఖము గుంటలు పడెడిది. రెండవది ఆటలమ్మ, అనగా చిన్నమ్మవారు. అది పిల్లలలో వారము పదిదినములు బాధించి, పెక్కుమందిని విడిచిపోవును. పెద్దమ్మవారికి పుట్టిన ఆచారములనే చిన్నమ్మవారికిని పాటించిరి. పెద్దది భూమిమీద లేకుండ పోయిన తరువాతను ఆ ఆచారములు నిలిచియున్నవి. అందులో మేలు చేసినవి ఏవి, కీడు చేసినవి ఏవి అని విడదీయవలెనన్న మొదట వెనుకటి కథ తెలియవలెను.

మశూచి అను తెలుగుమాట సంస్కృతపు మసూరికయే. మసూరమనగా మసూరపప్పు, పొక్కు ఆ గింజను పోలియుండునని ఆ పేరు. సుశ్రుతము దీనిని క్షుద్రరోగములలో ఒకటిగా క్లుప్తముగా చెప్పి విడిచినది. మాధవకరుని నిదానమునందు ఇది ప్రత్యేకాధ్యాయముగా పెరిగెను. పదునారవ శతాబ్దపు భావప్రకాశమునకు వచ్చుసరికి శీతల అను దేవతగా నిలిచెను. ఆ క్రమమును చూచినచో రోగము దేశములో ప్రబలినకొలది వైద్యుని స్వరము తగ్గి పూజారి స్వరము హెచ్చినదని తోచును. ఇది వైద్యులను నిందించుట కాదు. చేతిలో మందు లేనివాడు చేతులు జోడించుట సహజము. నేటి ఆయుర్వేద రచయితలు ఆటలమ్మకు లఘుమసూరిక అను పేరు వాడుచున్నారు. పాశ్చాత్య దేశములలోను ఈ రెంటికి చాలకాలము భేదము తెలియలేదు. లండనులో విలియం హెబర్డెన్ అను వైద్యుడు 1767లో ఆ భేదమును స్పష్టముగా నిరూపించెను.

"అమ్మవారు పోసినప్పుడు మందు వేయరాదు" అను మాట మన పల్లెలలో శాసనమువలె చెల్లినది. ఇది మందు లేనినాటి మాట. మశూచి పైకి వచ్చిన తరువాత దానిని నయము చేయు మందు మన వైద్యునికిని లేదు, దొరల వైద్యునికిని లేదు. నాటువైద్యుడు ఇచ్చు ఘాటైన రసమందులు, భేదిమందులు నీరసించిన రోగిని మరింత క్రుంగదీయుటయే గాని లాభమేమి? కావున ఏమియు ఇయ్యక చల్లగా పడుకొనబెట్టుట ఆ కాలమునకు తెలివైన పనియే. తెలివి అలవాటైనది, అలవాటు శాసనమైనది, శాసనమునకు కారణమేమో అడుగువారు లేకపోయిరి.

ఆ ఇంటి ఆచారములను ఒక్కొక్కటిగా చూతము. గడపకు వేపమండలు కట్టుదురు. అది చూచి పరాయివారు లోపలికి రారు. ఇంటివారు పొరుగిండ్లకు పోరు, పెండ్లిపేరంటములకు వెళ్లరు, చాకలికి బట్టలు వేయరు. ఇంతకన్న చక్కని నిర్బంధవిధిని ఏ ఆరోగ్యశాఖయు వ్రాయలేదు. పొయ్యిమీద తాలింపు వేయరు, మాంసము వండరు. ఘాటు గొంతునకు సోకక రోగికి దగ్గు రాదు. పెరుగన్నము, చలిమిడి, పానకము అమ్మవారికి నివేదించి రోగికి పెట్టుదురు. నోటిలో పొక్కులున్నవాడు మ్రింగగలిగినవి అవియే. వేపరెమ్మతో ఒళ్లు నిమురుట దురదకు ఉపశమనము. గోళ్లతో గోకకుండ ఆపుటకు అంతకన్న మృదువైన సాధనము లేదు. పొక్కులు మాడి పక్కు కట్టిన పిదప అయిదవనాడో, ఏడవనాడో, తొమ్మిదవనాడో వేపాకు పసుపు వేసి ఎండలో కాచిన నీళ్లు పోయుదురు. ఆటలమ్మలో పొక్కులన్నియు పక్కు కట్టు వరకే అంటు ఉండునని నేటి వైద్యము చెప్పుచున్నది. నీళ్లు పోయు దినము దానికి దాదాపు సరిపోవుచున్నది.

ఇక కీడు. నీళ్లు పోయు దినము వరకు ఒళ్లు కడుగకుండుట వలన చెమట, మురికి చేరి పొక్కులు చీము పట్టును. మాసిన బట్టలు మార్చకుండుటయు అంతియే. పప్పు, ఉప్పు మానిపించి పసిబిడ్డను వారము దినములు సగము ఆకలితో ఉంచుట మరియొక తప్పు. అన్నింటికన్న పెద్దకీడు, జ్వరము హెచ్చి బిడ్డ మత్తుగా పడియున్నను, ఎగశ్వాస వచ్చినను, "సూది వేసిన అమ్మవారు ఆగ్రహించును" అని ఆసుపత్రికి తీసికొనిపోకుండుట. ఒక విషయము జనులు ఎరుగరు: పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే రోగి ఇతరులకు అంటించుచుండును. వేపమండ కట్టుసరికి తోడి పిల్లలలో కొందరికి అది చేరియే యుండును. పది మొదలు ఇరువదియొక్క దినముల లోపల వారింటను మండ కట్టవలసి వచ్చును. దానిని ఊరిపాపమనియు, జాతర తప్పిన ఫలమనియు చెప్పుకొనెడివారు.

ఈ ప్రాంతము 1800లో నిజాము చేతినుండి కుంపిణీవారికి దత్తమండలములతో పాటు వచ్చినది. అంతకు నాలుగేండ్ల క్రిందటనే, 1796లో, ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు ఆవుపొక్కు రసముతో మశూచిని ఆపవచ్చునని కనుగొనెను. 1802లో ఆ టీకా బొంబాయికి, అదే సంవత్సరమున మద్రాసుకును చేరెను. జనులు భయపడిరి. అందుకు ఒక విచిత్రమైన ఉపాయము పన్నబడెను. 1819లో మద్రాసు కొరియర్ అను పత్రికలో, ఆవుపొదుగు పొక్కు రసమును మనుష్యుని చేతికెక్కించు విధానము ధన్వంతరి గ్రంథములోనే కలదని కొన్ని సంస్కృత వాక్యములు ప్రకటింపబడెను. అవి ప్రాచీనములు కావనియు, జనులను ఒప్పించుటకై సదుద్దేశముతో కల్పించినవనియు పండితులు తరువాత తేల్చిరి. నేటికిని కొందరు ఆ వాక్యములను మన పూర్వుల ఘనతకు సాక్ష్యముగా ఉదాహరించుట కలదు. చరకసుశ్రుతులకు ఉన్న కీర్తి చాలును. లేనిదానిని అంటగట్టుట వారికి గౌరవము కాదు.

మొదట టీకా ఒక బిడ్డ చేతినుండి మరియొక బిడ్డ చేతికి ఎక్కించెడివారు. వారము దినముల క్రిందట టీకా వేసిన బిడ్డను వెంటబెట్టుకొని టీకాలవాడు ఊరూరు తిరుగవలసివచ్చెడిది. కులభేదములు గల పల్లెలలో ఆ పద్ధతి ఎట్లు సాగినదో ఊహింపవచ్చును. తరువాత దూడలనుండి రసము తీయుట వచ్చెను. మద్రాసు గిండీలో 1899లో నెలకొల్పిన కింగ్ ఇన్‌స్టిట్యూటు ఆ రసమును తయారుచేసి జిల్లాలకు పంపెడిది. మన సీమ ఎండలకు ఆ రసము త్వరగా చెడిపోయెడిది. చెడిన టీకా వేయించుకొన్న బిడ్డకును మశూచి వచ్చినచో "టీకా వేసినందుకే అమ్మవారు అలిగినది" అని ఊరంతయు అనెడిది. టీకాలవాడు వచ్చుచున్నాడని తెలియగానే పిల్లలను గాదెల వెనుక దాచిన తల్లులను మూఢులని తీసివేయరాదు.

ధాత సంవత్సరపు కరువు, అనగా 1876-78 నాటి మహాక్షామము, కర్నూలు జిల్లాను తీవ్రముగా పీడించినది. కంభము, మార్కాపురము తాలూకాలు 1858లో కడప జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేర్చబడి అప్పటికి ఇరువదియేండ్లు కాలేదు. తిండి లేక గుంపులుగా జనులు కదలినచోట కలరాయు, మశూచియు వెంటనడచెను.

ఆ కాలమునుండి గ్రామములలో వ్రాయుచు వచ్చిన జనన మరణముల లెక్కలు ఒక విశేషమును చూపును. మరణకారణములలో కలరాకు ఒక గడి, మశూచికి ఒక గడి, జ్వరములకు ఒక గడి, విరేచనములకు ఒక గడి. ఆటలమ్మకు గడి లేదు. దానితో చనిపోయిన బిడ్డ జ్వరముల గడిలోనో, "ఇతరములు" అను గడిలోనో, వ్రాయువానికి భేదము తెలియనిచో మశూచి గడిలోనో చేరిపోయెను. లెక్కలో లేనిది లోకములో లేనట్లే అధికారులకు తోచును. ఆటలమ్మ నిరపాయమైనదను పేరు కొంత ఈ గడి లేకపోవుట వలన వచ్చినదే. 1939 నాటి మద్రాసు పబ్లిక్ హెల్త్ చట్టము అంటురోగముల జాబితాలో మశూచి ప్రక్కన ఆటలమ్మను గూడ పేరెత్తి చేర్చెను.

పల్లెకు వైద్యుడు వచ్చుట ఆలస్యముగనే జరిగినది. పానగల్లు రాజా ప్రధానమంత్రిగా నున్న కాలమున, 1924లో, మద్రాసు ప్రభుత్వము పల్లెలలో స్థిరపడు వైద్యులకు సహాయధనమిచ్చు ఏర్పాటు చేసెను. అది ఇంగ్లీషు వైద్యులకేగాక దేశీయ వైద్యులకును వర్తించెను. 1925లో మద్రాసున దేశీయ వైద్యపాఠశాలయు వెలసెను. అయినను కొండవాగులకు ఆవలి ఊళ్లవారికి, నల్లమల చెంచుగూడెముల వారికి వైద్యుడనగా వేరులు, ఆకులు తెలిసిన పెద్దయే. పెద్ద ఆసుపత్రి కావలసినచో రైలెక్కి తూర్పున గుంటూరికో, కనుమల మీదుగా పడమట నంద్యాలకో, అచ్చటినుండి కర్నూలుకో పోవలెను. గుంటూరు వైద్యకళాశాల 1946లోను, కర్నూలుది 1957లోను వచ్చెను. ఒళ్లంతయు పొక్కులున్న రోగిని రైలులో ఎక్కనిచ్చువారెవరు? ఇంటిలో ఉంచి వేపమండ కట్టుటకు భక్తి ఎంత కారణమో, దూరము గూడ అంత కారణము. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు వహించెను. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి అందులో చేరెను. మార్కాపురమునకు ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరునకు అంతకన్న చాల ఎక్కువ.

మశూచి నిర్మూలనమునకు భారతప్రభుత్వము 1962లో దేశవ్యాప్తమైన కార్యక్రమము ప్రారంభించెను. ఎండకు చెడని పొడిటీకా, రెండు మొనల సూది రెండును వచ్చిన పిదప పని చురుకుగా సాగెను. 1973 చివరనుండి ఆరోగ్యశాఖవారు ఇల్లిల్లు గాలించిరి. రోగియొక్క రంగుల బొమ్మగల అట్టముక్కను చేతబట్టుకొని "ఇట్టివారిని చూచితిరా?" అని సంతలలో, బడులలో అడిగిరి. మశూచి రోగిని చూపినవారికి బహుమానము ప్రకటించి, దానిని పెంచుచు 1975 నాటికి వేయి రూపాయలు చేసిరి.

ఇక్కడనే ఆటలమ్మ చరిత్రలో ఒక మలుపు కలదు. అంతవరకు ఎవరును లెక్కపెట్టని చిన్నమ్మవారిని ఇప్పుడు ప్రతి ఇంటను పరీక్షింపవలసి వచ్చెను. దాని మాటున పెద్దది దాగియుండవచ్చును గదా! కార్యకర్తలకు నేర్పిన భేదములు పల్లెవారికిని తెలిసినవి. మశూచిలో రెండు మూడు దినములు తీవ్రజ్వరము వచ్చిన తరువాత పొక్కులు లేచును. ముఖమున, కాలుసేతులయందు దట్టముగా, అరచేతులలో అరికాళ్లలో గూడ వచ్చును. ఒకచోట నున్నవన్నియు ఒకే ఈడువి. తాకినచో చర్మము లోపల పూసలవలె గట్టిగా నుండును. ఆటలమ్మలో పొక్కులు రొమ్మున, వీపున హెచ్చు; అరచేతులలో అరుదు; పైపైన మంచుబిందువులవలె నుండి సులభముగా చిట్లును; దురద మెండు. ముఖ్యమైన గుర్తు, ఎర్రని చుక్క, నీటిపొక్కు, పక్కు మూడును ప్రక్కప్రక్కనే ఒకేనాడు కనబడుట. విడతలు విడతలుగా లేచుటయే దాని స్వభావము.

భారతదేశమున చివరి మశూచిరోగి 1975 మే నెలలో అస్సాములోని కరీంగంజ్‌లో కనబడెను. 1977లో దేశము విముక్తమైనట్లు నిర్ణయింపబడెను. లోకములో సహజముగా మశూచి సోకిన చివరివాడు సోమాలియాలోని మెర్కా పట్టణపు ఆసుపత్రి వంటవాడు, అలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరులో అతనికి జ్వరము వచ్చినప్పుడు వైద్యులు మొదట మలేరియా అనిరి. పొక్కులు లేచిన తరువాత ఆటలమ్మ అని ఇంటికి పంపిరి! లోకమంతయు వెదకుచున్న రోగము చివరిసారి ఆటలమ్మ పేరుతోనే తప్పించుకొనబోయినది. అతడు బ్రతికెను, అతనినుండి ఎవరికిని అంటలేదు. 1980 మే 8వ తేదీన మశూచి భూమిమీద లేదని ప్రపంచ ఆరోగ్యసభ ప్రకటించెను. టీకాలు నిలిచిపోయినవి. ఆ వెనుక పుట్టినవారి భుజమునకు ఆ మచ్చ లేదు.

ఇప్పుడు మిగిలినది చిన్నమ్మవారు మాత్రమే. మాఘఫాల్గుణములు మొదలు వైశాఖము వరకు ఏటేట పడమటి మండలములలో అది కనబడుచునే యున్నది. మిరపకోతలకు గుంటూరు వైపునకును, కట్టడపు పనులకు హైదరాబాదు, బెంగుళూరులకును పోయి వచ్చువారితోను, హాస్టలు పిల్లలతోను ఊరు చేరుచున్నది. చిన్ననాడు రానివారికి పెద్దయీడున వచ్చినచో బాధ హెచ్చు, ఊపిరితిత్తులకు సోకవచ్చును. గర్భిణులకు, బలహీనులకు అపాయకరము. ప్రసవమునకు అయిదు దినములు ముందుగాని రెండు దినములు తరువాతగాని తల్లికి పొక్కులు లేచినచో పుట్టిన బిడ్డకు ప్రాణగండమే.

మందు లేనినాటి మాట చెల్లదని చెప్పుటకు కారణము, ఇప్పుడు మందు ఉండుట. ఎసిక్లోవిర్ అను మందు 1980 తరువాత వాడుకలోనికి వచ్చెను. దానిపై కృషిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెలు బహుమానము పొందెను. పొక్కులు కనబడిన ఇరువదినాలుగు గంటలలో మొదలిడినచో అది బాగుగా పనిచేయును. ఆరోగ్యవంతులైన చిన్నపిల్లలకు తరచు దాని అవసరము రాదు. పెద్దలకు, గర్భిణులకు కావలసినదియు లేనిదియు వైద్యుడే నిర్ణయింపవలెను. అమ్మవారు అలిగిపోవు వరకు వేచియుండి తొమ్మిదవనాడు ఆసుపత్రికి పోయినవానికి ఆ మందు అక్కరకు రాదు. జ్వరమునకు తగిన మోతాదులో పారాసిటమాలు, దురదకు క్యాలమైను పూత, గోళ్లు కత్తిరించుట, గోరువెచ్చని నీటితో దినదినము స్నానము, శుభ్రమైన బట్టలు, కడుపునకు తగిన తిండి, వీనితో బిడ్డలు సాధారణముగా కోలుకొందురు. ఆస్పిరిను మాత్రము పిల్లలకు ఇయ్యరాదు. దానివలన మెదడును కాలేయమును చెరుచు ప్రమాదము కలదు. గుర్తెరుగని పొడిమందులు, ఏదో ఇంజెక్షను వేసి పంపు వైద్యమును మానవలెను. ఎగశ్వాస, ఆగని వాంతులు, మెడ బిగియుట, మత్తు, పొక్కులనుండి నెత్తురు, చర్మము ఎర్రబడి వాచుట, వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి కదలవలెను. నేడు దూరమను మాటకు వెనుకటి బలము లేదు. ఊరిలో ఆశా కార్యకర్త, ఉపకేంద్రమున నర్సు, మండలమునకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము కలవు. మార్కాపురము, కంభము, గిద్దలూరులలో ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. 2005లో వచ్చిన 108 వాహనము ఒంటిపై పొక్కులున్నవని రోగిని దింపివేయదు. వేపమండ గడపకు ఉండవచ్చును. వాహనము దానిని దాటి లోపలికి వచ్చును.

ఆటలమ్మకు టీకా గూడ కలదు. దానిని కనిపెట్టినవాడు జపాను వైద్యుడు మిచియాకి తకహాషి. 1964లో అమెరికాలో నున్నప్పుడు అతని చిన్నకుమారునికి ఆటలమ్మ తీవ్రముగా వచ్చి, రాత్రులు మేలుకొని కాచుకొనవలసి వచ్చెను. ఆ తండ్రి భయమే పదేండ్లకు, 1974లో, టీకా అయినది. ఏడాది దాటిన బిడ్డకు రెండు మోతాదులు వేయుదురు. మన ప్రభుత్వము ఉచితముగా వేయు టీకాలలో ఇది చేరలేదు. ప్రైవేటు వైద్యులయొద్ద సొమ్మిచ్చి వేయించుకొనవలెను. కూలిచేసి బ్రతుకువారికి అది భారమే.

చివరకు సర్పి మాట. ముసలివారికి నడుమునకో రొమ్మునకో ఒకప్రక్కగా మంటతో పొక్కులు లేచునది సర్పి. అది పాముచుట్టువలె రెండుప్రక్కలు కలిసినచో ప్రాణము పోవునను భయముతో మంత్రము వేయించుకొనుట మన పల్లెలలో వాడుక. సర్పియు ఆటలమ్మయు ఒకే సూక్ష్మజీవి వలన వచ్చునవి. ఆటలమ్మ తగ్గిన తరువాత అది శరీరమును విడువక నరముల మూలములలో నిద్రించి, నలువది ఏబదియేండ్ల తరువాత బలము తగ్గినవేళ సర్పిగా లేచును. అవ్వకు సర్పి వచ్చిన ఇంట రెండు మూడు వారములకు మనుమనికి ఆటలమ్మ వచ్చుటను హంగేరీ వైద్యుడు జానోస్ బోకాయ్ పందొమ్మిదవ శతాబ్దము చివరనే గమనించెను. ఆ మనుమని పొక్కులకు ఏ జాతర తప్పుటయు కారణము కాదు. అవ్వ సర్పిని బట్టతో కప్పుకొని, పక్కు కట్టు వరకు ఆటలమ్మ రాని పసివారిని, గర్భిణులను దగ్గరకు రానీయకుండుటయు, మూడుదినములు దాటకుండ వైద్యుని చూచి ఎసిక్లోవిర్ మొదలిడుటయు ఆ ఇంట చేయవలసిన పనులు.